మారుతాళం

తాళాలు బాగుచేసే ముసలాయన పుస్తకాన్ని తెచ్చి కొత్త రచయిత్రి బల్లమీద పడేశాడు.

"ఏమ్మా, కత్తివీరుడి కథలు నీ చేతికొచ్చాయని నన్ను దొంగని చేస్తావా? ఆ వీరుడి వెంట తాళాలు తీస్తూ తిరిగే నేస్తం నేనేనని ఊరందరికీ తెలుసు. పాత పుస్తకాలన్నీ రాసినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. వాడు పోయి ఏడాది కాలేదు, నాచేత మాంత్రికుడికి కోట మారుతాళం ఇప్పించావు. పిల్లలు నా కొట్టు ముందు నిలబడి ద్రోహీ అని అరుస్తున్నారు."

"కోప్పడకండి తాతగారూ. అది నా కల్పన కాదు. కథ ఎటు నడవాలో గురువుగారే పోయేముందు చెప్పారు. వాళ్ళింట్లో దొంగలు పడ్డప్పుడు తాళం పగల్లేదట. మారుతాళం మీరే చేసిచ్చి ఉంటారని..."

"నేనా?"

"రోజూ మీ మొహం చూస్తూ తను రాయలేకపోయానన్నారు."

ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"సాయంత్రమైతే నా కొట్లోనే కూర్చుని టీ తాగేవాడమ్మా. ఒక్కసారి అడిగితే వాడి సొమ్మేం పోయింది? నేను ఎవరికీ ఇవ్వలేదు."



ఆ దొంగతనం తర్వాత స్నేహితుడు కొత్త తాళం పక్క ఊళ్ళో కొనుక్కొచ్చాడు. "నీ దగ్గరైతే డబ్బు పుచ్చుకోవు కదరా, అందుకని" అన్నాడు. వాడెంత మర్యాదస్థుడో చూడండంటూ ఇన్నేళ్ళూ ముసలాయన ఆ మాట కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.