అచ్చిరాని నంబరు

ఢిల్లీ నుంచి నంబరు వచ్చిందని కోడలు చెప్పగానే చంద్రమౌళి చేతిలో గజంబద్ద పక్కన పడేసి లేచాడు. పంచెల చాపు కోసం వచ్చిన ఆసామిని కాసేపు కూర్చోమన్నాడు. నరసన్నపేటలో ఆయన బట్టల కొట్టు తెలియనివాళ్లు లేరు గానీ, బేరం మధ్యలో ఆయన లేవగా చూసినవాళ్లు మాత్రం లేరు.

మామూలు నంబరా మరి! ఆయన రాసిన పుస్తకానికి నంబరు. కొట్టుకొచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి ఏళ్ల తరబడి చెప్పిన మాటలన్నీ కాగితం మీద పెట్టాడు. సొంతంగా అచ్చు వేయించుకుంటున్నాడు. నంబరు లేని పుస్తకాన్ని అరలో పెట్టుకోలేమని విశాఖలో షాపువాడు మొహం మీదే చెప్పేశాడు.

మొదట్లో ఆయనకు ఈ నంబరు గొడవ బొత్తిగా బోధపడలేదు. చీరలకు స్టిక్కర్లు అంటించుకున్నట్టు మనమే ఏదో ఒక నంబరు వేసేసుకుందామన్నాడు. కొట్లో కంప్యూటరు చూసే కోడలు బిందు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆ నంబరు ప్రభుత్వం ఇవ్వాలి. దానికి పైసా తీసుకోరు. ప్రపంచంలో ఎక్కడ ఆ నంబరు కొట్టినా మన పుస్తకమే కనబడాలి. మెత్తటి అట్టకి ఒక నంబరు, గట్టి అట్టకి ఇంకొకటి, ఫోనులో చదివేదానికి మరొకటి.

ఇప్పుడా పదమూడు అంకెలూ కంప్యూటరు తెర మీద ఉన్నాయి. చంద్రమౌళి కళ్లజోడు సర్దుకుని చూసి మురిసిపోయాడు. బిందు అటు తిరగ్గానే వేళ్ల మీద ఒక్కో అంకే కూడాడు. మొహం మాడింది. చివరి నుంచి మొదటికి మళ్లీ కూడాడు. ఎటు నుంచి కూడినా ఆఖరికి ఎనిమిదే తేలింది.

“బిందూ, ఆ సివరంకె ఒకటి పెంచీగలవేటమ్మా?”

“ఎందుకు మావయ్యా?”

“ఎనిమిది తేలతన్నాది. ఎనిమిదంటే శని.”

బిందు ఆయన్ని ఎగాదిగా చూసింది. “మీరేనా మావయ్యా ఈ మాటంటన్నారు?”

“నమ్మకమని కాదమ్మా. ఎందుకొచ్చిన గొడవ సెప్పు.” గొంతు బాగా తగ్గించాడు. “ఇది మాత్రం బయటికి పొక్కనీకు. నా పరువు పోతాది.”

బిందు నవ్వు దిగమింగుకుంది. చివరి అంకె ఎవరో ఇష్టమొచ్చినట్టు వేసింది కాదని చెప్పింది. ముందున్న అంకెలన్నిటినీ ఒక లెక్కలో పెడితే తేలేది అది. దాన్ని కదిపితే మొత్తం నంబరే చెల్లదు. ఆయన మొహం చూసి జాలేసి, మార్చిన అంకెతో బార్‌కోడు చేయబోయింది. తప్పుడు నంబరంటూ కంప్యూటరు మొండికేసింది.

ఆ పూట చంద్రమౌళికి అన్నం సయించలేదు. ఇంకా అచ్చు కాని పుస్తకాలన్నీ అప్పుడే అటక మీద చెదలు పట్టినట్టే అనిపించింది. ఇన్నాళ్లూ గొంతు చించుకుని చెప్పిన మనిషి పుస్తకాన్ని ఒక్కడూ కొనలేదంటే ఇంక ఊళ్లో తలెత్తుకోగలడా? నిజంగానే భయం వేసింది.

మర్నాడు పొందూరులో ఖద్దరు సరుకు చూసొస్తానని ఇంట్లో చెప్పి, బస్సులు మారి గజపతినగరంలో తేలాడు. అక్కడ తిరుమలరావు అని పేరుపడ్డ సంఖ్యాశాస్త్రవేత్త ఉన్నాడు. దగ్గర్లో అలాంటివాళ్లు లేక కాదు. తన మొహం ఎరగనివాడు కావాలి. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. పేరడిగితే జోగయ్య అన్నాడు.

తిరుమలరావు పుస్తకం పేరు కూడా అడిగాడు.

“పేరుతో పనేటండి? నంబరు సూడండి” అన్నాడు చంద్రమౌళి చెమట తుడుచుకుంటూ.

తిరుమలరావు చూసి పెదవి విరిచాడు. ఈ నంబరుతో పుస్తకం గడప దాటదన్నాడు. తొమ్మిది తేలితే తిరుగుండదన్నాడు. పుస్తకం అచ్చయ్యాక ఏదైనా ఆదివారం పొద్దున పది దాటిన పావుగంటకు ఆవిష్కరించమని ముహూర్తం కూడా పెట్టాడు. చంద్రమౌళి తాంబూలంలో దక్షిణ పెట్టి, చుట్టూ చూసుకుని, గబగబా బస్సెక్కాడు.

నంబరు మార్చే ఉపాయం దారిలో ఆయనకే తట్టింది. అట్ట మారితే నంబరు మారుతుందని కోడలే చెప్పింది కదా!

“గట్టి అట్టకి ఇంకో నంబరు తెప్పించమ్మా” అన్నాడు ఇంటికి రాగానే.

“గట్టి అట్టంటే పుస్తకం రేటు పెరిగిపోతాది. కొనీవోళ్లు జడుసుకుంటారు మావయ్యా.”

“జడుసుకోనీ. ముందు నంబరు రానీ.”

వచ్చింది. అదృష్టం కొద్దీ తొమ్మిదే తేలింది. తేలకపోతే పాపం ఆ పుస్తకం ఫోనులో చదువుకునేదే అయ్యేదేమో! చంద్రమౌళి కొట్లో అందరికీ మిఠాయిలు పంచాడు. ఏమిటి విశేషమని భార్య పార్వతీదేవి అడిగితే సరుకు బాగా పోయిందని బొంకాడు.

పుస్తకాలు అచ్చయి వచ్చాక, ఒక ఆదివారం శ్రీకాకుళంలో సభ. హాలు నిండిపోయింది. ఇక రిబ్బను లాగుదామని అధ్యక్షుడు తొందరపెట్టాడు. చంద్రమౌళి వాచీ చూసుకుని మంచినీళ్లు అడిగాడు. తాగడం అయ్యాక దగ్గు తెచ్చుకున్నాడు. కప్పిన శాలువా సరిగ్గా కప్పలేదని విప్పించి మళ్లీ కప్పించాడు. జనం గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

ముల్లు చెప్పినచోటికి వచ్చింది. చంద్రమౌళి కళ్లు మూసుకుని, లోపల ఏదో అనుకుని, రిబ్బను లాగాడు. నిగనిగలాడే గట్టి అట్టతో పుస్తకం బయటపడింది. ఆయన దాన్ని కళ్లకద్దుకోబోయి, ఎదురుగా ఉన్నవాళ్లను చూసి, చెయ్యి దించేశాడు.

హాలు నిండా ఉన్న హేతువాద సంఘం సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా, బిందు పెదవి కొరుక్కుంటూ మైకు అందుకుని మావగారి పుస్తకం పేరు చదివింది: “అంకెల జోస్యం అచ్చమైన మోసం.”