గాదె తెరిపించిన దేశాలు

"ఇంకో దేశమా?" అంటూ పద్మనాభయ్య అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"అవునండీ. రాత్రి రేడియోలో చెప్పినారు" అన్నాడు బడి పంతులు సమాధానం, చేతులు కట్టుకుని. దిబ్బపాళెం బడికి ఆయన ఒక్కడే అయ్యవారు.

"పేరేంది? గట్టిగా చెప్పండి."

"మౌరిటేనియా అండీ."

"మౌరిటేనియా!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచి పద్మనాభయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఈ ఆఫ్రికా వాళ్ళకు నా కొంప తప్ప ఇంకేం కనబడలేదా అని విసుక్కుంటూ, చేతిలో మడిచిన పేపరుతో ఈగల్ని తోలుకున్నాడు. ఆ కేకకు లోపలి నుంచి ఆయన తల్లి వెంకటశేషమ్మ వచ్చింది. కొడుకు పంచాయతీ ప్రెసిడెంటే కావచ్చు గానీ, గాదె తాళంచెవి మాత్రం ఆమె మొలలోనే ఉంటుంది.

"అరిచి ఏం లాభం నాయనా, మాటిచ్చినాక" అని ఆమె నిట్టూర్చి తాళంచెవి తీసింది.

ఆ మాట సంగతి ఊరంతటికీ తెలుసు. మూడేళ్ళ కిందట, ఘనా దేశం స్వతంత్రమైన ఏడు, జెండా పండగనాడు పద్మనాభయ్య ఆవేశపడి ఒక ప్రతిజ్ఞ చేశాడు. లోకంలో ఏ దేశానికి స్వతంత్రం వచ్చినా మా గాదెలో వడ్లు దంచి బడిపిల్లలకు కడుపునిండా అన్నం పెడతానన్నాడు. వెంకటశేషమ్మ అడ్డు చెప్పలేదు. దేశానికి స్వతంత్రం రావడమంటే మాటలా, పదేళ్ళకొకటి వస్తే గొప్ప అనుకుంది పాపం. పంతొమ్మిది వందల అరవై వచ్చేసరికి ఆఫ్రికా ఖండం వరసపెట్టి విడుదలవడం మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో డహోమీ అన్నం అరగకముందే నైజర్ వచ్చింది, ఆ వెనకే ఐవరీకోస్టు, చాద్, గాబన్.

ధర్మానికి గింజ రాల్చని మనిషి వెంకటశేషమ్మ. అంతకుముందు ఏడాది వాయుగుండం పట్టి పడవలు ఒడ్డునే ఉండిపోతే, చేపలు పట్టే పట్టపోళ్ళ ఆడవాళ్ళు వచ్చి గంజికైనా బియ్యం ఇమ్మని అడిగారు. ఆమె తాళంచెవి తీయలేదు. పద్మనాభయ్య పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు. తల్లికి తగ్గ కొడుకు అని సమాధానం ఆనాడే మనసులో తిట్టుకున్నాడు. కానీ జెండా కింద నలుగురిలో అన్న మాట తప్పితే ఇంటి పరువు పోతుందని ఆమె భయం. అందుకే సణుక్కుంటూనే గాదె తెరిచేది. పెట్టినందుకు గుర్తుగా దేశాల పేర్లన్నీ కంఠతా పట్టింది. రెండో కాంగో వచ్చినప్పుడు ఒకే దేశానికి రెండుసార్లా అని నిలదీస్తే, సమాధానం బడిలోంచి పటం మోసుకొచ్చి అటొక కాంగో, ఇటొక కాంగో అని చూపించాల్సి వచ్చింది.

మౌరిటేనియాతో ఆఫ్రికా చప్పబడిపోయింది. సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టింది. సముద్రం పోట్లగిత్తలా రంకెలేస్తుంటే పడవలన్నీ ఇసకలో బోర్లాపడ్డాయి. బడికి వచ్చే పిల్లల కళ్ళు గుంటలు పడ్డాయి.

వారం తర్వాత పట్టపోళ్ళ పేరమ్మ కూతుర్ని చంకనేసుకుని బడికి వచ్చింది. "అయ్యోరా, ఇంక దేశాలు లేవా?" అని అడిగింది. పొయ్యిలో పిల్లి లేచి ఎన్నాళ్ళయిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ సాయంత్రం సమాధానం పద్మనాభయ్య అరుగు ముందు నిలబడి, మెల్లగా బురుంగా దేశం స్వతంత్రమైందని చెప్పాడు. అలాంటి దేశం భూమ్మీద లేదు. పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద అబద్ధం ఆయన ఆడలేదు.

"గట్టిగా చెప్పండి" అన్నాడు పద్మనాభయ్య.

మర్నాడు పిల్లలు అన్నం తిన్నారు. తర్వాత జులేమా వచ్చింది. ఆ వెనక కటాంబా వచ్చింది. అదెక్కడుందని వెంకటశేషమ్మ అడిగితే సమాధానం కంగారులో పటం మీద పెద్ద చెరువు నడుమ వేలు పెట్టి, దీవి అన్నాడు. రాత్రుళ్ళు ఆయనకు నిద్ర పట్టేది కాదు. దొరికిపోతే ఉద్యోగం సంగతి అటుంచి, గాదె మళ్ళీ తెరుచుకోదు.

వాన వదల్లేదు. దేశాలు అల్లీ అల్లీ బుర్ర మొద్దుబారిన అయ్యవారు ఒకనాడు మళ్ళీ బురుంగా అనేశాడు.

మొల దగ్గరికి పోయిన వెంకటశేషమ్మ చెయ్యి ఆగిపోయింది. "బురుంగాకు పెట్టినాం గదా అయ్యోరూ. ఆ దినం గుమ్మడికాయ పులుసు గూడా చేయించినా."

సమాధానం ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతా అయిపోయిందనుకున్నాడు.

"అది ఫ్రెంచోళ్ళ బురుంగా అమ్మా" అన్నాడు పద్మనాభయ్య, పేపరుతో ఈగల్ని తోలుకుంటూ. "ఇది ఇంగ్లీషోళ్ళది. కాంగోలు రెండు లేవా? నా కర్మ, ఇవీ రెండు."

ఆమె గొణుక్కుంటూ తాళంచెవి తీసి లోపలికి వెళ్ళింది. ఇంత అమాయకుణ్ణి ఎలా మోసం చేస్తున్నానా అని సమాధానానికి ఏడుపొచ్చినంత పనైంది. తలెత్తలేక గబగబా వీధిలోకి నడిచాడు.

పద్మనాభయ్య వెనకే వచ్చి మలుపు దగ్గర ఆయన భుజం పట్టుకున్నాడు. ఒకసారి ఇంటివైపు తిరిగి చూసుకుని, ఇన్నాళ్ళలో మొదటిసారి గొంతు తగ్గించాడు.

"ఈసారి దక్షిణ అమెరికా నుంచి తెండి అయ్యోరూ, ఆ పేర్లు అమ్మకు తెలవవు."