తొలికాపు

"పెద్దమ్మా, ఒక గడ్డ ఇస్తావా?"

మిద్దె మెట్ల మీద నిలబడి అడిగాడు శుభాకర్.

రహమత్‌బీ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఏం గడ్డప్పా?"

"అదే, బకెట్లో కాస్తాండాయి గదా. బీట్‌రూట్."

ప్రొద్దుటూరులో ఆ ఇంటి మిద్దె మీద ఒకటే గది. ఎండాకాలం అయ్యాక శుభాకర్ అందులో బాడుగకు చేరాడు. జమ్మలమడుగు మనిషి. ఇళ్లకు రంగులు వేస్తాడు. ఒంటరివాడు. పెద్దగా మాట్లాడడు.

కింద రహమత్‌బీ, కోడలు నౌషీన్ ఉంటారు. కొడుకు రెహాన్ కువైట్‌లో పనిచేస్తున్నాడు.

నౌషీన్‌కు నెలలు నిండుతున్నాయి. ఒంట్లో రక్తం తక్కువ. ఆమెది ఓ నెగటివ్ గ్రూపు. ఆ రక్తం అంత సులువుగా దొరకదని, బీట్‌రూట్, ఆకుకూరలు బాగా తినమని ఆసుపత్రిలో చెప్పారు.

అంగట్లో గడ్డలు వాడిపోయి ఉంటున్నాయని నౌషీన్ ఇంట్లోనే పెంచాలనుకుంది. శుభాకర్ పారేయబోయిన రంగు బకెట్లు అడిగి తీసుకుని, బాగా కడిగింది. కాల్చిన కడ్డీతో అడుగున బెజ్జాలు పెట్టింది. ఎర్రమట్టి, ఇసుక, పేడ ఎరువు కలిపి నింపి, మిద్దె మీద పెట్టి, నానబెట్టిన గింజలు నాటింది.

ఒక్కో గింజ నుంచి మొలకలు గుత్తిగా వచ్చాయి. బలమైనది ఒకటి ఉంచి తక్కినవి పీకేయాలి. ఒక బకెట్ పూర్తయ్యేసరికి రహమత్‌బీ చూసింది.

"కడుపుతో ఉండి పచ్చని మొలకలు పీకుతాండావా? పాపం తగులుతాది. వదిలిపెట్టు."

నౌషీన్ వదిలిపెట్టింది.

పీకిన ఆ ఒక్క బకెట్లోనే గడ్డలు ఊరాయి. మిగతా వాటిలో గడ్డలు వేలెడంతకు మించి లావెక్కలేదు. అంతా ఆకే.

ఇప్పుడు శుభాకర్ అడుగుతున్నది ఆ బకెట్‌లోని గడ్డనే.

"తొలికాపు నాయనా. కడుపుతో ఉండే పిల్ల చేత్తో పెట్టింది. పరాయి నోట్లో పడితే బిడ్డకు మంచిది కాదు" అంది రహమత్‌బీ.

"బకెట్ నాదే గదా పెద్దమ్మా!" నవ్వాడు శుభాకర్.

"కాన్పు కానీ. నీ బకెట్ నువ్వు తీసకపో. ఎవరొద్దన్నారు?"

శుభాకర్ తల ఊపి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇంకోరోజు నౌషీన్ నీళ్లు పోస్తుంటే మళ్లీ వచ్చాడు.

"చెల్లెమ్మా, గడ్డ వద్దులే. రవ్వన్ని ఆకులన్నా ఇయ్యి."

"ఏంటికన్నా?"

"తినేకి. జరమొచ్చి ఈ మధ్య పనికి పోలేదు."

"జరమొస్తే గంజి తాగుతారు. ఈ ఆకు తినేకి నువ్వేమన్నా కడుపుతో ఉండావా?" నవ్వింది నౌషీన్.

శుభాకర్ కూడా నవ్వాడు.

నౌషీన్ వంగి నాలుగు ఆకులు పట్టుకుంది.

"నౌషీన్! యాడున్నావే?" కింది నుంచి రహమత్‌బీ గొంతు వినిపించింది.

నౌషీన్ ఆకులు వదిలేసి కిందికి దిగింది.

విషయం తెలిసి రహమత్‌బీ మండిపడింది.

"ఆయప్ప కండ్లు వాటి మీదే ఉండాయి. మిద్దె మీద ఉంటే లాభం లేదు. కిందికి దించుదాం."

తడిమట్టితో బకెట్లు బరువుగా ఉన్నాయి. ఇంట్లో మోసేవాళ్లు లేరు. రహమత్‌బీ శుభాకర్‌నే పిలిచింది.

"ఎండ ఎక్కువైందప్పా. ఈటిని రవ్వ కింద పెట్టు."

అతను ఏమీ అడగకుండా ఒక్కో బకెట్ దించాడు. మధ్యమధ్యలో మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"మొగోడివి! మట్టి బకెట్‌కే ఇంత ఆయాసమా?" అంది రహమత్‌బీ.

"వయసు అయిపాయ పెద్దమ్మా" అన్నాడు శుభాకర్. అతనికి నలభై కూడా ఉండవు.

గడ్డల బకెట్‌ను చివర రెండు చేతులా పొదివి పట్టుకుని తెచ్చి, వంటింటి కిటికీ కింద పెట్టాడు.

ఆ గడ్డలన్నీ నౌషీన్ ఒక్కతే తింది.

చెప్పిన తేదీ కంటే ముందే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసి, ఆపరేషన్ చేయాలన్నారు. నౌషీన్ రక్తం అనుకున్నంత పెరగలేదు.

"రక్తమిచ్చే మనిషి ఊర్లోనే ఉండాడు. ఫోన్ చేసినాం, వస్తాండాడు" అంది నర్సు రజిని.

కాసేపటికి ఆమే తిరిగి వచ్చింది.

"వచ్చినాడు కానీ తీసుకునేకి కాలేదమ్మా. ఆయనకే రక్తం తక్కువుంది. కడప నుంచి తెప్పిస్తాండాం."

కడప నుంచి రక్తం వచ్చేసరికి సాయంత్రమైంది. లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతూ వచ్చింది. రహమత్‌బీ వరండాలో తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. కొన్ని రోజులకు గానీ తల్లి పక్కన పడుకోబెట్టలేదు.

బిడ్డ మొదటిసారి పాలు తాగిన రోజు నౌషీన్ అడిగింది.

"సిస్టర్, ఆ పొద్దు నా కోసం వచ్చినాయన ఎవరు?"

"ఎవరి కోసమని ఆయన అడగడమ్మా. ఫోన్ చేస్తే వస్తాడు. శానా మందికి ఇచ్చినాడు. ఈసారే, జరమొచ్చి రక్తం పడిపోయింది. కాన్పు కేసు ఉండాది, బీట్‌రూట్, ఆకుకూర బాగా తిని రా అని ముందే చెప్పింటిమి."

"చెప్పినా తినలేదా?" రహమత్‌బీకి కోపం వచ్చింది. "తినుంటే మా బిడ్డకు ఇంత కష్టం వచ్చేదా?"

రజిని బిడ్డ దుప్పటి సర్దుతూ అంది.

"ఏమో పెద్దమ్మా, 'దానికేముంది సిస్టర్, మా మిద్దె మీదనే బకెట్లలో కాస్తాండాయి, అడిగితే ఇస్తారు' అని నవ్వుకుంటా పోయినాడు ఆ రంగులేసే శుభాకర్."