నీకు చాయ్ లేదు

కురుమయ్య చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చాడో లేదో, హోటలు రజాక్ దాన్ని లాక్కున్నాడు.

“నీకు చాయ్ లేదు.”

బెంచీల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

“ఎందుకు లేదు సాయిబూ? గొర్ల వాసనొస్తున్ననా?”

“ఇప్పుడే రొట్టె తింటివి. చేతుల రగతం పెరిగే గోలి ఉన్నది. చాయ్‌తోటి మింగితే ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతోటి మింగు.”

కురుమయ్య గొంగడి జారి, బొడ్డు పైన నిలువుగా కోత కనిపిస్తోంది. రజాక్ చూపు అక్కడే ఆగింది.

“కడుపు ఎన్నడు కోసిండ్రు?”

“పుండయితే సగం కడుపు తీసేసిండ్రు. మూడేండ్లాయె.”

“సూదులు ఏసుకుంటున్నవా?”

“ఏం సూదులు?”

“జల్ది దవాఖానకు పో. కడుపు కోసిన సంగతి చెప్పు.”

రజాక్ వెనక్కి తిరగబోయి తూలాడు. గ్లాసు కిందపడి పగిలింది. బెంచీల మీద నవ్వులు.

కురుమయ్యకు తల కొట్టేసినట్టయింది.

“తాగి తూలేటోడు నాకు సుద్దులు చెప్తుండు” అని చిట్యాలలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటూ ఇంటికి పోయాడు.

ఇంటి దగ్గర భార్య బక్కమ్మ బేరగాడితో మంద బేరం మాట్లాడుతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి గొర్ల వెంట ఎట్లా తిరుగుతాడు?

“మంద పోతే నేనెందుకే ఇంక?” అన్నాడు కురుమయ్య. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“అయితే సాయిబు చెప్పినట్టు చెయ్యరాదు? నిమ్మకాయకు మన ఆస్తులేం కరుగయి.”

దవాఖానలో డాక్టరు కోత చూసి, “ఇన్నాళ్లు ఎందుకు రాలేదయ్యా? కడుపు సగం తీసేస్తే తిండిలోని బి12 ఒంటికి పట్టదు, రక్తం తగ్గుతుంది, నరాలు మొద్దుబారతాయి” అని సూదులు రాశాడు.

చలికాలం వచ్చేసరికి కురుమయ్య ఆగకుండా గుట్టెక్కాడు. బేరగాడు ఉత్త చేతులతో పోయాడు.

కురుమయ్య కొత్త గొంగడి చంకన పెట్టుకుని హోటలుకు వచ్చాడు. రజాక్ భార్య వజీరా చాయ్ కాస్తోంది.

“సాయిబు ఏడి చెల్లె? ఇంక తాగుడు బంద్ చెయ్యలేదా?”

ఆమె చేతిలో గరిటె ఆగింది.

“మా ఆయన ఎన్నడు మందు ముట్టలేదన్నా. పాదాల కింద నేల తెలుస్తలేదాయనకు. అందుకే తూలుతడు.”

కురుమయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. లోపలికి పోయి, మంచంలో ఉన్న రజాక్ కాళ్ల మీద గొంగడి కప్పాడు.

“తాగుబోతువని ఊరంత చెప్పిన. తప్పయింది సాయిబూ.”

“పోనీ తియ్. మంద బేరం పెట్టిండ్రని విన్న. గొర్లున్నయా?”

“ఒక్కటి గూడ అమ్మలే.”

రజాక్ ముఖం వెలిగింది.

“నాకు గూడ సూదులు ఏస్తున్నరు. ఆలిస్యమైంది గని, బొటనవేలు జర తెలుస్తాంది.”

“గివన్ని నీకెట్ల ఎరుక?”

“నాకు టయానికి చెప్పేటోడు దొరకలే” అంటూ రజాక్ అంగీ పైకెత్తాడు.

బొడ్డు పైన, సరిగ్గా కురుమయ్యకున్న చోటే, అదే నిలువు కోత.