ఎక్కడి తిండికి అక్కడి లెక్క

"పెట్టను. సంతకం పెట్టను గాక పెట్టను," అంటూ ఎర్నా ముసలమ్మ కాయితాన్ని బల్ల అవతలికి తోసేసింది.

జెల్మీరా పళ్ళు బిగబట్టింది. ఆమె స్లొవేకియా నుంచి వచ్చి, ఆస్ట్రియాలోని ఈ ఇంట్లో ముసలమ్మకి మూడేళ్ళుగా సేవ చేస్తోంది. ఆ కాయితంలో ఉన్నదీ ఆ ఒక్క ముక్కే. పిల్లల పోషణకని ఆస్ట్రియా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బులో ఈ జనవరి నుంచి మూడోవంతు కోసేశారు. తన పిల్ల స్లొవేకియాలో ఉందట, అదీ వంక. తనలాంటి ఆయాలంతా కలిసి యూరప్ కోర్టుకెక్కుతున్నారు. పనిచేసే ఇంటివాళ్ళు సంతకం పెడితేనే అందులో పేరు చేరుతుంది. ఇవాళే ఆఖరు రోజు.

"ఇక్కడివాళ్ళతో సమానంగా పన్ను కడుతున్నాగా అమ్మగారూ. యూరోపియన్ యూనియన్‌లో ఉన్న దేశాలన్నిటికీ ఒకటే రూలు."

"రూలట, రూలు. నీ కూతురు తినేది మీ ఊరి బంగాళాదుంపలేగా? అవక్కడ చవక. ఎక్కడి తిండికి అక్కడి లెక్క. మా సొమ్ముతో మీ ఊరు లెవిత్సేలో మేడ కడదామనుకున్నావేమిటే?"

"మేడ కాదు, మా పిల్ల తెరేజ్కాకి చలికాలం బూట్లు కొందామనుకున్నా."

"పాతవి తొడుగు. మా చిన్నప్పుడు అవీ లేవు."

జెల్మీరాకి అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున లేస్తే దీని ఒళ్ళు తుడవాలి, కాళ్ళు పిసకాలి, అన్నం నోటికందించాలి. ఇంత చాకిరీకి పెన్ను పట్టుకుని ఒక్క గీత గీయడానికి చేతులు రావడం లేదు ముసలిదానికి.

అంతలో తలుపు తోసుకుని కొడుకు గెర్నోట్ వచ్చాడు. చేతిలో ఖాళీ పెట్టె.

"మంచి సమయానికొచ్చావురా. మన ప్రభుత్వం మీద కేసు వెయ్యడానికి దీనికి నా సంతకం కావాలిట. ముందు దీన్ని సాగనంపు," అంది తల్లి.

గెర్నోట్ ఇద్దరి వైపూ చూడలేదు. పెట్టె కింద పెట్టాడు. "జెల్మీరా, బట్టలు సర్దు."

డబ్బు సరే, ఇప్పుడు ఉద్యోగమూ ఊడింది. జెల్మీరా తన గదివైపు నడిచింది.

"ఎటు పోతున్నావ్? నీవి కాదు, అమ్మవి."

ముసలమ్మ ఉలిక్కిపడింది. "నావా? ఎక్కడికిరా?"

"వృద్ధాశ్రమానికి. ఇక్కడివాటి ఖర్చు మనవల్ల కాదు. లెవిత్సేలో మంచిది చూశాను. ఇక్కడయ్యే దాంట్లో సగం కూడా కాదు."

ముసలమ్మ ఏడవనైనా లేదు. "మరి నా పెన్షనో?"

"ఇప్పటికైతే మొత్తం అక్కడికే పంపుతారు, యూనియన్ రూలది. కాకపోతే, పిల్లల డబ్బు కొయ్యడం తప్పు కాదని కోర్టు గనక అందో, తర్వాతి కోత బయట ఉండే ముసలాళ్ళ పెన్షన్లకే అని జనం అనుకుంటున్నారు."

ఎర్నా చెయ్యి చాచి కాయితాన్ని ముందుకి లాక్కుంది. జెల్మీరా వైపు మిర్రిమిర్రి చూసింది.

"అలా గుడ్లప్పగించి నిలబడతావేమే? పెన్ను తే."