దసరా ముందు ఇచ్చిన చెక్కలు

"జర బల్ల కాలు గట్టిగ పట్టవే," అన్నాడు రాయమల్లు, మేకు మీద సుత్తె దించుతూ. భార్య సమ్మమ్మ రెండు చేతులతో పట్టుకుంది.

మిల్లుకు కొత్త మిషన్లు వచ్చిన పెట్టెలు విప్పి, ఆ చెక్కలతో వడ్రంగం బల్ల చేస్తున్నాడు. ఇరవై ఏళ్లు మగ్గం నడిపిన చేతికి ఈ పని కొత్త. కాళ్లు సమంగా కుదరడానికే నాలుగు ఆదివారాలు పట్టాయి.

అతనితో మిల్లులో పనిచేసే కరీముద్దీన్ వచ్చి సైకిల్ ఆపాడు.

"గేటుకు లిస్టు అంటించిండ్రన్నా. పాత మగ్గాలోళ్లను తీసేసిండ్రు. నీ పేరున్నది, నా పేరున్నది."

రాయమల్లు నమ్మలేదు. "మన సూపర్‌వైజర్ సారుకు నేనంటే పానం. ఈ చెక్కలు ఆయనే ఇప్పిచ్చిండు. 'వడ్రంగం నేర్చుకో రాయమల్లూ, చేతిల ఇంకో పనుండాలె' అని భుజం మీద చెయ్యేసి చెప్పిండు."

"ఎప్పుడు?"

"దసరా ముంగట."

కరీముద్దీన్ తల దించుకున్నాడు. "లిస్టు రాసింది ఆ సారేనన్నా. అది కూడ దసరా ముంగటనే. టైపు కొట్టిన గుమాస్తా ఇప్పుడే చెప్పిండు."

రాయమల్లు సుత్తె కింద పెట్టాడు.

"చెక్కలు మోసుకొచ్చిననాడు ఆయనకు వంగి దండం పెట్టిన," అన్నాడు రాయమల్లు మెల్లగా. "మొఖం తిప్పుకున్నడు. పెద్దమనిషి, మొగమాటపడ్డడనుకున్న."

సమ్మమ్మ బల్లను ఒక్క తోపు తోసింది. "పొయ్యిల పెడుత దీన్ని!"

బల్ల పడిపోకుండా రాయమల్లు రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దే. రేపటి సంది మనకు ఇదే మిల్లు."