మామగారి వాచీ, అల్లుడి వాచీ

“సార్, ఇప్పుడొచ్చినాయన కూడా గదే అడిగిండు. స్మార్ట్ వాచీలున్నయా అని. లేవంటే అట్లనే తిరిగి పోయిండు.”

భాగ్యశ్రీ గాజు తలుపు మూసి వచ్చి చెప్పింది. నారాయణగూడలో రామచంద్రరావు నడిపే వాచీల షాపులో సేల్స్ చూసేది ఆమే. అద్దాల వెనక మఖమల్ గుడ్డ మీద వరసగా ఉన్నవన్నీ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఖరీదైన వాచీలు.

“పోనీలే అమ్మా. మన దగ్గరికొచ్చేవాళ్లు వేరు,” అన్నాడు రామచంద్రరావు.

ఎదురుగా కూర్చున్న అల్లుడు సాయిచైతన్య నవ్వాడు. అతనికి అశోక్‌నగర్‌లో స్మార్ట్ వాచీల దుకాణం ఉంది. కోచింగ్ పిల్లలతో ఎప్పుడూ కిటకిటలాడుతుంది.

“వేరేం కాదు మామయ్యగారూ. ఎవరైనా వాచీ పెట్టుకునేది ఒక చేతికే. అక్కడ మీదైనా ఉండాలి, నాదైనా ఉండాలి. సగం షాపు నాకివ్వండి. ఒక పక్క మీవి, ఒక పక్క నావి పెడదాం.”

“రోజూ చార్జింగ్ పెట్టాల్సినదాన్ని వాచీ అనరు బాబూ. నా వాచీ కొన్నవాడు దాన్ని కొడుక్కిస్తాడు, ఆ కొడుకు తన కొడుక్కిస్తాడు. నీది నాలుగేళ్లు పోతే ఎక్కడుంటుంది?”

“మీ వాచీ టైమ్ చెబుతుంది. నాది మనిషి ఒంట్లో ఎలా ఉందో చెబుతుంది.”

“నా ఒంట్లో ఎలా ఉందో నాకు తెలియదూ?”

సాయిచైతన్య సంచిలోంచి నల్లటి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. “దసరా దాకా పెట్టుకుని చూడండి. ఇందులో సిమ్ ఉంది. మీ నడక, గుండె కొట్టుకోవడం అన్నీ మీ అమ్మాయి సింధూర ఫోన్‌కి వచ్చేస్తాయి. అప్పటికీ పనికిరాదంటే ఇక ఈ మాట ఎత్తను.”

“ఎత్తకూడదు మరి,” అంటూ రామచంద్రరావు దాన్ని జేబులో వేసుకున్నాడు.

వారం తిరక్కుండానే విద్యానగర్ నుంచి కూతురు సింధూర ఫోన్ చేసింది. “నాన్నా, నిన్న ఎంత నడిచారో! నాకెంత సంతోషమేసిందో తెలుసా?”

రామచంద్రరావు ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వాడు. “మీ నాన్నంటే ఏమనుకున్నావ్ మరి!”

షాపులో ఆయన చేతికి ఎప్పటిలాగే పాత బంగారు రంగు స్విస్ వాచీ ఉండటం చూసి భాగ్యశ్రీ అడిగింది. “అల్లుడుగారిచ్చింది ఏది సార్?”

“ఇంట్లో చార్జింగ్‌లో ఉందమ్మా,” అని కన్ను గీటాడు.

దసరా ఇంకా దూరం ఉండగానే ఒక ఉదయం సింధూర, సాయిచైతన్య ఆదరాబాదరా చిక్కడపల్లిలోని రామచంద్రరావు ఇంటికి వచ్చేశారు. సింధూర ముఖం పాలిపోయి ఉంది.

“నాన్నా, మీ గుండె లయ తప్పుతోందట. నాలుగు రోజులుగా వాచీ హెచ్చరికలు పంపుతూనే ఉంది. ఇవాళే డాక్టరు దగ్గరికెళ్దాం.”

“నా గుండె లయా?” రామచంద్రరావు ఏమాత్రం తొణకలేదు సరికదా, ఉత్సాహంగా లేచాడు. “పదండి. అన్ని పరీక్షలూ చేయించండి. ఏ ఒక్కటీ వదలొద్దు. సుందరీ, నువ్వూ రా!”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య బాలత్రిపురసుందరి చేతులు తుడుచుకుంటూ, “ఏవండీ, నేనొక మాట...” అంది.

“నువ్వేం భయపడకు. నాకేమీ లేదు. చీర మార్చుకుని రా.”

హైదర్‌గూడ ఆసుపత్రిలో లిఫ్టు కోసం చాలామంది నిలబడి ఉంటే ఆయన మెట్లెక్కేశాడు. బాలత్రిపురసుందరి మధ్యలో ఒకసారి రెయిలింగ్ పట్టుకుని ఆగి, పైకొచ్చి బెంచీ మీద కూలబడింది. “ఏవండీ, ఆ వాచీ సంగతి...” అని మళ్లీ మొదలుపెట్టబోతే, “నాకు తెలుసులే, చూస్తూ ఉండు,” అని ఆయన లోపలికి నడిచాడు. ఈసీజీ తీశారు. గుండెకి స్కానింగ్ చేశారు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు.

మధ్యాహ్నానికి డాక్టరు అందర్నీ లోపలికి పిలిచి, కాగితాలు పక్కన పెట్టింది.

“మీ గుండె నిక్షేపంగా ఉంది రావుగారూ. ఈ లయలో ఏ లోపమూ లేదు.”

సింధూర ఊపిరి పీల్చుకుని తండ్రి భుజం పట్టుకుంది. సాయిచైతన్య ఫోన్‌లోని గీతల వంక అయోమయంగా చూస్తున్నాడు. “మరి ఇవన్నీ తప్పెలా అవుతాయి?”

రామచంద్రరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్లుగా ఆపుకున్న నవ్వంతా బయటికొచ్చింది.

“డాక్టరుగారూ, ఇప్పుడు అసలు సంగతి వినండి. ఏమనుకోకు చైతన్యా. నేను దాన్ని ఒక్కరోజు కూడా చేతికి పెట్టుకోలేదయ్యా! ఇంటికి తీసుకెళ్లిన సాయంత్రమే బీరువాలో పడేశాను. బీరువాలో కూర్చునే అది మైళ్లకు మైళ్లు నడిచిందట. పైగా గుండె జబ్బు కూడా కనిపెట్టింది. ఎవరికి? మా చెక్క బీరువాకి!”

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ సింధూర కూడా నవ్వేసింది. సాయిచైతన్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“ఒప్పుకున్నాను మామయ్యగారూ. మీరే గెలిచారు. షాపు మాట ఇక ఎత్తను.”

“అదీ మాట!” రామచంద్రరావు చెయ్యెత్తి తన వాచీ చూసుకున్నాడు. “లేవండి, భోజనాల వేళ అయింది. ఇవాళ అందరికీ నా విందు. సుందరీ, పద.”

బాలత్రిపురసుందరి లేవలేదు. పమిట చెంగు వేళ్లకు చుట్టుకుంటూ డాక్టరు వైపు చూసింది, తర్వాత భర్త వైపు.

“అల్లుడుగారు ముచ్చటపడి ఇచ్చింది ఊరికే పడుంటే అమ్మాయి బాధపడుతుందని...” అని ఆగింది.

“మీరు షాపుకెళ్లగానే రోజూ నేనే పెట్టుకుంటున్నానండీ.”